రుద్రమదేవి పాఠానికి ఆన్‌లైన్‌లో ఆధారాలు వెతకడం ఎలా?

"చరిత్రకి మంచి వెబ్‌సైట్లు ఏవో లిస్టు పంపండి." సోషల్ టీచర్లు అడుగుతారు, డిగ్రీ పిల్లలు అడుగుతారు, పిల్లల ప్రాజెక్టు వర్కుతో ఇంట్లో కుస్తీ పడుతున్న అమ్మానాన్నలూ అడుగుతారు. ఇరవై లింకులు పంపినా తెరిచి చూసేవాళ్లు తక్కువ. తెరిచినవాళ్లు కూడా లోపలికి వెళ్లాక ఏం చేయాలో తెలియక మళ్లీ గూగుల్ బొమ్మల దగ్గరికే వస్తారు. అందుకే లిస్టు కాకుండా ఒకే ఒక్క పాఠాన్ని మొదటి నుంచి చివరి దాకా ఎలా తయారు చేయాలో రాస్తున్నాను. పాఠం కాకతీయ రుద్రమదేవి. స్కూలు పుస్తకాల్లో అందరికీ ఉన్న పాఠమే. పైగా ఆన్‌లైన్‌లో తప్పులు, ఒప్పులు కలగాపులగంగా దొరికే పాఠం. ఈ దారి ఒకసారి అలవాటైతే పల్నాటి యుద్ధానికైనా, మీ ఊరి గుడికైనా ఇదే వాడుకోవచ్చు.

ముందుగా కావలసినవి

- ఫోను చాలు. ల్యాప్‌టాప్ ఉంటే సుఖం, ఎందుకంటే పాత స్కాన్ పేజీలు చిన్న తెర మీద కళ్లు లాగేస్తాయి.
- పీడీఎఫ్ చదివే యాప్, తెలుగు కీబోర్డు.
- ఒక నోటుపుస్తకం. స్క్రీన్‌షాట్లు మాత్రమే తీసుకుంటే వారం తర్వాత ఏది ఎక్కడిదో మీకే తెలియదు.
- అరవై తెలుగు సంవత్సరాల పేర్ల పట్టిక. పంచాంగంలో ఉంటుంది. ఎందుకో ఐదో మెట్టులో చెబుతాను.
- ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచిత ఖాతా. చాలా పుస్తకాలు ఖాతా లేకుండానే తెరుచుకుంటాయి, కొన్నింటిని అరువు తీసుకోవడానికి మాత్రం అది కావాలి.

1. ప్రశ్నను చిన్నది చేయండి

"రుద్రమదేవి గురించి" అని వెతికితే లక్షల పేజీలు వస్తాయి, అన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే. జవాబు ఒక వాక్యంలో రాగలిగే ప్రశ్న పెట్టుకోండి. మన నమూనా ప్రశ్న ఇది: రుద్రమదేవి ఏ సంవత్సరంలో మరణించింది, ఆ సంగతి మనకెలా తెలుసు? రెండో సగమే ముఖ్యం. అది లేకపోతే పిల్లలు ఒక అంకె రాసుకుని పుస్తకం మూసేస్తారు.

2. వికీపీడియాను కింది నుంచి చదవండి

వికీపీడియా చూడొద్దని పిల్లలకు చెప్పడం దండగ, ఎలాగూ చూస్తారు. దాన్ని ఎలా చూడాలో చెప్పండి. ముందు పేజీ అడుగుకు వెళ్లి మూలాల జాబితా చూడాలి. ఏ వాక్యానికి మూలం ఉంది, దేనికి లేదు, ఉన్న మూలం శాసనమా, పరిశోధన గ్రంథమా, లేక ఎప్పటిదో పత్రికలో వచ్చిన ఆదివారం వ్యాసమా? తెలుగు పేజీ, ఇంగ్లిష్ పేజీ పక్కపక్కన పెట్టి చూడండి, రెండూ ఎక్కడ తేడా పడుతున్నాయో రాసుకోండి.

రుద్రమదేవి విషయంలో తేడా త్వరగానే బయటపడుతుంది. కొన్నిచోట్ల ఆమె పాలన 1289తో ముగిసిందని, కొన్నిచోట్ల 1295 లేదా 1296 దాకా సాగిందని కనిపిస్తుంది. ఇలాంటి తేడా దొరికితే టెన్షన్ పడకండి, పాఠానికి అదే మంచి పట్టు.

3. పేరు మార్చి మార్చి వెతకండి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. శాసనాల్లో "రుద్రమదేవి" అని వెతికితే సగం ఆధారాలు దొరకవు. చాలా శాసనాలు ఆమెను "రుద్రదేవ మహారాజు" అని మగపేరుతోనే పిలుస్తాయి. కాబట్టి రుద్రదేవ, రుద్రదేవి, రుద్రాంబ, కాకతి రుద్రమ, ఇలా అన్ని రూపాలతోనూ తెలుగులో, ఇంగ్లిష్‌లో వెతకండి.

జాగ్రత్త: దీనివల్ల ఇంకో చిక్కు వస్తుంది. ఆమెకు ముందు రుద్రదేవుడనే కాకతీయ రాజు ఉన్నాడు. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం ఆయనదే. రామప్ప గుడి కట్టించినది రేచర్ల రుద్రుడు, అతను రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడి సేనాని. ముగ్గురినీ కలిపేసి "రుద్రమదేవి కట్టించిన రామప్ప గుడి" అని చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో మీకూ కనిపిస్తాయి. ఏ రుద్రుడో తేల్చుకోవడానికి సులువైన దారి తేదీ. రామప్ప శాసనం 1213 నాటిది, రుద్రమదేవి పాలన 1262 ప్రాంతంలో మొదలైంది.

4. అసలు పేజీ దాకా వెళ్లండి

ఎవరో "శాసనంలో ఉంది" అన్నారంటే ఆ శాసనం అచ్చయిన పేజీ కళ్లతో చూడాలి. భారత పురావస్తు శాఖ ప్రచురించిన సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్, ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసన సంపుటాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్నాయి. భారత ప్రభుత్వం నడిపే ఇండియన్ కల్చర్ పోర్టల్‌లో కూడా పాత పుస్తకాలు చాలా ఉన్నాయి. మన పాఠానికి పనికొచ్చేది సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ పదో సంపుటి, 1948లో వచ్చింది. పాత మద్రాసు రాష్ట్రంలోని తెలుగు శాసనాలు అందులో ఉన్నాయి.

ఆ సంపుటిలో మల్కాపురం శాసనం తీయండి. శక సంవత్సరం 1183, దుర్మతి. మల్కాపురం ఇప్పుడు తుళ్లూరు మండలంలో ఉన్న ఊరు. గణపతిదేవుడు తన గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి మాటిచ్చిన మందరం గ్రామాన్ని, దానితోపాటు వెలగపూడిని రుద్రమదేవి దానం చేసిందని అందులో ఉంది. మందరమంటే నేటి మందడం. వెలగపూడిలో ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉంది. ఈ ఒక్క మాట చెప్పండి, వెనక బెంచీ కూడా తలెత్తుతుంది. అదే శాసనంలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల, చదువు చెప్పేవాళ్ల జీతానికి భూములు, అన్నసత్రం, ఊరి కాపలా మనుషుల ప్రస్తావన ఉంది. యుద్ధాలు, కత్తులు తప్ప చరిత్రలో ఏముందని అడిగే పిల్లలకు ఇంతకంటే మంచి పేజీ నాకు తెలియదు.

పేజీ పట్టుకునే పద్ధతి:

- పుస్తకం తెరిచాక లోపలి వెతుకులాట పెట్టెలో ఊరి పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. పైన ఉండే చిన్న ఇంగ్లిష్ సారాంశం సాధారణంగా దొరుకుతుంది. తెలుగు లిపిలో ఉన్న శాసనపాఠం మాత్రం యంత్రానికి సరిగా అందదు.
- దొరక్కపోతే పుస్తకం చివర ఉండే సూచికకు వెళ్లండి, లేదా తేదీని బట్టి పేజీలు తిప్పండి. ఇది పాత పద్ధతే, కానీ నమ్మకమైనది.
- పీడీఎఫ్ చూపించే పేజీ సంఖ్య, పుస్తకంలో అచ్చయిన పేజీ సంఖ్య వేరుగా ఉంటాయి. రాసుకునేటప్పుడు అచ్చు పేజీ, శాసన సంఖ్య రాయండి.

తెలుగు పుస్తకాల కోసం వెతికేటప్పుడు ఇంకో తలనొప్పి ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పుస్తకాలు ఆర్కైవ్‌లోకి వచ్చినప్పుడు వాటి పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఇష్టమొచ్చిన స్పెల్లింగుతో చేరాయి. చరిత్ర అనే మాటే నాలుగైదు రకాలుగా కనిపిస్తుంది. పూర్తి పేరు కొట్టకుండా ఒక్క ముఖ్యమైన మాట, రచయిత ఇంటిపేరు కొట్టి చూడండి. అప్పటికీ దొరక్కపోతే తెలుగు వికీసోర్స్‌లో వెతకండి. అక్కడ కొన్ని పుస్తకాలు టైపు చేసి ఉన్నాయి కాబట్టి తెలుగులోనే వెతుకులాట పనిచేస్తుంది.

5. తేదీని మీరే లెక్కకట్టండి

శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అందరికీ తెలుసు. అది ఉగాది నుంచి డిసెంబరు దాకా సరిపోతుంది. జనవరి నుంచి మళ్లీ ఉగాది దాకా అయితే 79 కలపాలి. వేయిస్తంభాల గుడి శాసనం శక 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ మాసం. 78 కలిపితే 1162 వస్తుంది. కానీ మాఘం కదా, అప్పటికి కొత్త సంవత్సరం వచ్చేసింది. సరైన తేదీ 1163 జనవరి. ఆన్‌లైన్‌లో కొన్నిచోట్ల 1162, కొన్నిచోట్ల 1163 కనిపించడానికి కారణం ఇదే.

ఇప్పుడు పంచాంగం పట్టిక తీయండి. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కాబట్టి మీ లెక్క సరిపోయిందో లేదో అక్కడే తేలుతుంది. మల్కాపురం శాసనం 1183 కి 78 కలిపితే 1261. దానికి అరవై చొప్పున పన్నెండుసార్లు, అంటే 720 కలిపితే 1981. 1981 ఉగాదికి మొదలైనది దుర్మతి నామ సంవత్సరమే. శాసనం కూడా దుర్మతి అంటోంది, లెక్క కుదిరింది. కుదరకపోతే శక సంవత్సరం తప్పుగా చదివారా, స్కాన్‌లో అంకె చెరిగిందా అని వెనక్కి వెళ్లి చూడండి. ఈ ఒక్క లెక్క పిల్లలచేత చేయించండి. లెక్కల మాస్టారికి కూడా సంతోషం.

హిజ్రీ, అంటే ఇస్లామిక్ క్యాలెండర్ తేదీలకు ఇలా కూడిక, తీసివేత పనికిరాదు. చాంద్రమానం వల్ల ఏటా పదీ పదకొండు రోజులు జరిగిపోతాయి. ఆన్‌లైన్ కన్వర్టర్ వాడండి. ఫసలీ, అంటే పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం అయితే 590 కలపండి. ఏడాది చివరి భాగానికి 591 అవుతుంది.

6. శాసనం చెప్పింది వేరు, మనం ఊహించింది వేరు

ఇక మన ప్రశ్నకు జవాబు. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊళ్లో ఒక శాసనం ఉంది. శక 1211, విరోధి సంవత్సరం, మార్గశిర మాసం. పువ్వుల ముమ్మడి అనే అతను కాకతి రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి శివలోక ప్రాప్తి కలిగినందున వారి పుణ్యం కోసం అక్కడి సోమనాథ దేవుడికి భూమి ఇచ్చాడు. 1211 కి 78 కలిపితే 1289. దానికి 720 కలిపితే 2009, అది విరోధి. సరిపోయింది. చరిత్రకారులు ఈ తేదీని 1289 నవంబరు 27గా లెక్కకట్టారు.

నోటుపుస్తకంలో ఒక గీత గీసి రెండు భాగాలు చేయండి. ఎడమవైపు "శాసనంలో ఉన్నది", కుడివైపు "మనం ఊహించినది".

ఎడమవైపు వచ్చేవి: 1289 నవంబరు నాటికి రుద్రమదేవి జీవించి లేదు. ఆమె పేరు పక్కనే మల్లికార్జున నాయకుడి పేరు ఉంది. దానం చేసినది పువ్వుల ముమ్మడి.

కుడివైపు వచ్చేవి: ఇద్దరూ ఒకేసారి మరణించి ఉంటారు. ఆమె మీద తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన యుద్ధంలోనే మరణించి ఉంటారు. త్రిపురాంతకంలోని అంబదేవుడి శాసనం, శక 1212 నాటిది, మల్లికార్జునుడిని ఓడించానని గొప్పగా చెప్పుకుంటుంది. ఈ రెండు శాసనాలనూ కలిపి చదివి చరిత్రకారులు ఆ నిర్ణయానికి వచ్చారు. బలమైన ఊహే, నేనూ ఒప్పుకుంటాను. కానీ చందుపట్ల శాసనంలో యుద్ధం మాట లేదు. "చందుపట్లలోనే ఆమె నేలకొరిగింది" అని కెమెరా ముందు ఆవేశంగా చెప్పే వీడియోలు కుడివైపు మాటను ఎడమవైపుకు లాగేస్తున్నాయి.

ఇంకో చిన్న తిరకాసు. నవంబరు 27 దానం చేసిన రోజు. మరణించిన రోజు అని శాసనం చెప్పలేదు. ప్రాజెక్టు చార్టుల మీద "మరణం: 27-11-1289" అని రాసేస్తున్నారు. "1289 నవంబరు నాటికే" అని రాయించండి.

7. విదేశీ యాత్రికుడి మాటను అతని మాటల్లోనే చదవండి

"మార్కో పోలో ఓరుగల్లు వచ్చి రుద్రమదేవి పాలనను మెచ్చుకున్నాడు." ఈ వాక్యం ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. హెన్రీ యూల్ చేసిన మార్కో పోలో ఇంగ్లిష్ అనువాదం ఉచిత పుస్తకాల సైటు ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో, ఆర్కైవ్‌లో ఉచితంగా ఉంది. అందులో "ముత్ఫిలి" అనే అధ్యాయం తీయండి, రెండు మూడు పేజీలకు మించదు. ముత్ఫిలి అంటే మోటుపల్లి రేవు అని చరిత్రకారులు గుర్తించారు. ఆ అధ్యాయంలో వజ్రాల కథ ఉంది, సాలెగూడంత సన్నని బట్టల ముచ్చట ఉంది, న్యాయంగా పాలించిన ఒక రాణి ఉంది. మార్కో పోలో మాటల్లో ఓరుగల్లు లేదు, రుద్రమదేవి పేరూ లేదు, ఆ పేర్లు కనిపిస్తే అవి కింద యూల్ రాసిన వివరణలు. పైగా భర్త మరణించాక నలభై ఏళ్లుగా ఆ రాణి ఏలుతోందని అంటాడు. రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు. ఆమె పాలన నలభై ఏళ్లు లేదు.

పిల్లల్ని అడగండి: మార్కో పోలో చెప్పినది ఈమె గురించేనా? అయితే ఎక్కడ పొరపడ్డాడు, ఎవరో చెప్పగా విన్నాడా? పీరియడ్ అయిపోతుంది, చర్చ అవదు.

8. బొమ్మల దగ్గర మరీ జాగ్రత్త

గూగుల్ బొమ్మల్లో రుద్రమదేవి అని కొడితే వచ్చేవి సినిమా స్టిల్స్, ఈ కాలపు విగ్రహాలు, క్యాలెండర్ బొమ్మలు, ఈమధ్య ఏఐ గీసినవి. ఏదీ ఆమె రూపం కాదు. వాడితే కింద "ఆధునిక చిత్రకారుడి ఊహ" అని రాయండి. దానికన్నా ఓరుగల్లు కోట తోరణాలు, వేయిస్తంభాల గుడి, రామప్ప ఫొటోలు వికీమీడియా కామన్స్ నుంచి తీసుకోవడం మేలు. అక్కడ ఫొటో తీసినవారి పేరు, లైసెన్సు వివరం ఉంటాయి, రెండూ బొమ్మ కింద రాయాలి. అనుమానం వచ్చిన బొమ్మను గూగుల్ లెన్స్‌లో పెట్టి ముందు ఎక్కడెక్కడ వచ్చిందో చూడండి.

9. క్లాసులో ఎలా నడపాలి

నలభై నిమిషాల్లో అన్నీ అవవు. రెండు పీరియడ్లు తీసుకోండి. మొదటి దానిలో రెండు వెబ్‌పేజీల తేడా చూపించి, మల్కాపురం పేజీ తెర మీద పెట్టి తేదీ లెక్క చేయించండి. రెండో దానిలో రెండు భాగాల పట్టిక నింపించండి.

స్కూల్లో నెట్ వస్తుందని నమ్ముకోవద్దు. కావలసిన పేజీలు ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోండి. రెండు వందల ఎంబీ పుస్తకం మొత్తం అక్కర్లేదు, ఆ ఒక్క పేజీ స్క్రీన్‌షాట్ చాలు, శీర్షిక పేజీ కూడా తీసుకోండి. ప్రొజెక్టర్ లేకపోతే నలుగురికొకటి చొప్పున జిరాక్స్ ఇవ్వండి. నిజానికి జిరాక్స్ మీద పెన్సిలుతో గీతలు పెట్టుకునే పిల్లలే ఎక్కువ ప్రశ్నలు వేస్తారు.

తరచుగా జరిగే పొరపాట్లు

పది సైట్లలో ఉంది కాబట్టి నిజమే అనుకోవడం. ఆ పదీ ఒకే పేజీ నుంచి కాపీ కొట్టినవి కావచ్చు. ఒక వాక్యాన్ని కోట్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి, అదే తప్పుతో సహా అన్నిచోట్లా కనిపిస్తే మూలం ఒక్కటే.

ఏఐ చాట్‌బాట్‌ను శాసనం నంబరు అడిగి అదే రాసేయడం. అవి లేని సంపుటిని, లేని పేజీని కూడా ధీమాగా చెబుతాయి. వెతకాల్సిన పేర్ల రూపాంతరాలు అడగడానికి, ఇంగ్లిష్ పేజీని తేలిక తెలుగులోకి తెచ్చుకోవడానికి వాడుకోండి. నంబరు మాత్రం పుస్తకంలోనే చూడాలి.

కైఫీయతులను, అంటే ఊళ్లవారీగా రాయించిన స్థానిక చరిత్రలను, తర్వాతి కాలపు కావ్యాలను సమకాలీన సాక్ష్యంగా తీసుకోవడం. బ్రిటిష్ సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు కైఫీయతులు సేకరించినది 1800 ముందు వెనకల్లో. కాకతీయుల గురించి వాటిలో ఉన్నది ఐదు వందల ఏళ్ల తర్వాత ఊళ్లో జనం చెప్పుకున్న కథ. అది కూడా విలువైనదే, కానీ పట్టికలో దాని తేదీ 1800 దగ్గర వేయాలి.

ఆర్కైవ్‌లో ఉంది కాబట్టి ఏదైనా ముద్రించుకోవచ్చనుకోవడం. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక అరవై ఏళ్ల దాకా హక్కులుంటాయి. క్లాసులో ఒక పేజీ చూపడం వేరు, గైడుగా అచ్చేసి అమ్మడం వేరు.

పని సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడం

మీరు రాసుకున్న ఆధారం వివరాలు, అంటే పుస్తకం పేరు, సంపుటి, సంవత్సరం, అచ్చు పేజీ లేదా శాసన సంఖ్య, ఈ పని తెలియని ఇంకొకరికి ఇవ్వండి. లింకు ఇవ్వొద్దు. వాళ్లు పది నిమిషాల్లో అదే పేజీ తెరవగలిగితే మీ నోట్సు బాగున్నట్టే. తెరవలేకపోతే ఏదో వివరం తప్పిపోయింది.

పిల్లల ప్రాజెక్టు దిద్దేటప్పుడు మొత్తం చదవనక్కర్లేదు. ఏదో ఒక వాక్యం మీద వేలుపెట్టి "ఇది ఎవరన్నారు, ఎప్పుడన్నారు?" అని అడగండి. "గూగుల్ సార్" అన్నారంటే రెండో మెట్టు నుంచి మళ్లీ చేయించండి.

మీ ఊరి చరిత్రకు ఇదే దారి, కొన్ని మార్పులతో

కోస్తా, రాయలసీమ వాళ్లు రాబర్ట్ సూయెల్ 1882లో వేసిన మద్రాసు ప్రెసిడెన్సీ పురాతన అవశేషాల జాబితా మొదట చూడండి. జిల్లా, తాలూకా, ఊరు వరుసలో ఉంటుంది. తర్వాత జిల్లా మాన్యువల్స్, అంటే బ్రిటిష్ కాలంలో ఒక్కో జిల్లా వివరాలతో వేసిన పుస్తకాలు: గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లాది 1883, బాస్వెల్ నెల్లూరుది 1873, గ్రిబుల్ కడపది 1875. స్పెల్లింగు పాతది కొట్టాలి. కృష్ణాను "కిస్ట్నా" (Kistna), కాకినాడను "కొకనాడ" (Cocanada), శ్రీకాకుళాన్ని "చికకోల్" (Chicacole), ఏలూరును "ఎల్లోర్" (Ellore), విజయవాడను "బెజవాడ" (Bezwada) అని రాసేవారు.

తెలంగాణ వాళ్లకు బ్రిటిష్ కాలపు ప్రాంతాల వివరాల గ్రంథం ఇంపీరియల్ గెజిటీర్‌లోని హైదరాబాద్ భాగం మొదటి మెట్టు. అక్కడ కరీంనగర్ కోసం ఎల్గందల్, నిజామాబాద్ కోసం ఇందూరు, ఆదిలాబాద్ కోసం సిర్పూర్ తాండూర్ అని వెతకాలి. 1935లో వచ్చిన "తెలంగాణా శాసనములు" అనే పుస్తకం కూడా చూడండి.

ఇరవయ్యో శతాబ్దపు సంగతులైతే ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ ఆర్కైవ్స్‌లో స్కాన్ చేసి పెట్టిన పాత పత్రికలు చూడాలి. అక్కడ మాట కొట్టి వెతకడం కుదరదనుకుని తేదీల వారీగా పేజీలు తిప్పడానికి సిద్ధపడండి. వరద, జాతర, ఎన్నిక, ఏదైనా సరే, ముందు దాని తేదీ తెలుసుకుని ఆ తర్వాతి వారం సంచికలతో మొదలుపెట్టండి, ఊళ్ల వార్తలు అచ్చయ్యేసరికి కొన్ని రోజులు పట్టేది.